చక్రాల ఇల్లు, మునిగిన ఊళ్లు

ఆయన ఇరిగేషన్‌లో ఇంజినీరుగా, ఆమె ప్రాజెక్టు స్కూల్లో తెలుగు టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. న్యూజిలాండ్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లి, ఒక క్యాంపర్ వ్యాన్ అద్దెకు తీసుకుని దక్షిణ దీవి చూడటానికి బయల్దేరారు. ఆ ప్రయాణం ఆమె మాటల్లో...

న్యూజిలాండ్ పాత ఐదు పౌండ్ల నోటు వెనక ఒక సరస్సు బొమ్మ ఉండేది. పేరు పుకాకి. దాని వెనక మౌంట్ కుక్ మంచుకొండ. ఆ సరస్సులో ఉన్న చిన్న దీవిని జనం ‘ఐదు పౌండ్ల నోటు దీవి’ అనే పిలిచేవాళ్లు. 1967లో దేశం డాలర్లకు మారడంతో నోటు పోయింది. ఆ తర్వాత దీవి కూడా పోయింది. కరెంటు కోసం 1970ల్లో సరస్సు మట్టాన్ని 37 మీటర్లు పెంచితే నీళ్ల అడుగుకు వెళ్లిపోయింది. అంతకుముందే ఒకసారి 9 మీటర్లు పెంచి ఉన్నారు.

ఇప్పుడా ఒడ్డున టూరిస్టు బస్సులు బారులు తీరి ఉంటాయి. హిమానీనదం కొండరాళ్లను ఒరుసుకుంటూ దిగేటప్పుడు రాలిన పిండి నీళ్లలో తేలుతూ ఉండటంతో సరస్సుకు పాలు కలిపిన నీలం రంగు వచ్చింది. కెమెరాలో పడితే ఎవరూ నమ్మరు, రంగు వేశారనుకుంటారు. ఒక కుర్రాడు వీడియో కాల్‌లో ఇంట్లోవాళ్లకు చూపిస్తూ, “నేచర్ అంటే ఇదీ మమ్మీ” అంటున్నాడు, తెలుగులోనే. మావారు నా వైపు వంగి మెల్లగా, “రిజర్వాయరు” అన్నారు. ఊరుకోండి అన్నాను. “ఊరుకుంటే మట్టం తగ్గుతుందా? సరస్సు దేవుడిదే. పైనున్న నీళ్లు మాత్రం మనవాళ్లు నిలబెట్టినవి.”

‘మనవాళ్లు’ అంటే న్యూజిలాండ్ వాళ్లూ కాదు, తెలుగువాళ్లూ కాదు. ఇంజినీర్లు.

ఈ ప్రయాణానికి రూటు గీసింది ఆయనే. క్రైస్ట్‌చర్చ్‌లో మా అమ్మాయి ఆ కాగితం చూసి, “నాన్నా, క్వీన్స్‌టౌన్ ఏదీ? మిల్ఫర్డ్ సౌండ్ ఏదీ? ఇక్కడికొచ్చి అవి చూడకుండా ఎవరన్నా వెళ్తారా?” అని నిలదీసింది. ఆయన గీసిన గీత టెకాపో, పుకాకి, ట్విజెల్, క్లైడ్, బెన్‌మోర్, వైటాకి... ఇలా ఒక డ్యాము నుంచి ఇంకో డ్యాముకు పోతోంది. నేను కాదనలేదు. శ్రీశైలం కింద సున్నిపెంట ప్రాజెక్టు కాలనీలో కాపురం పెట్టినదాన్ని, నాకు డ్యాముల మీద అలక ఎందుకు?

బదిలీ లారీలాంటి బండి

క్యాంపర్ ఎందుకు, హోటళ్లు లేవా అని బంధువులందరూ అడిగారు. ఒక కారణం చాలా మామూలుది. అక్కడా మనలాగే రోడ్డుకు ఎడమ పక్కనే నడపాలి, స్టీరింగు కుడివైపే. ఇంగ్లిష్‌లో ఉన్న మన లైసెన్సుతోనే కొంతకాలం బండి నడపనిస్తారు. అమెరికాలో కొడుకుల దగ్గరికి వెళ్లిన మావాళ్లంతా వెనక సీట్లో కూర్చుని వచ్చినవాళ్లే. స్టీరింగు ముట్టుకున్నవాళ్లు లేరు.

రెండో కారణం నాది. వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, మరుసటి ఏడు సెప్టెంబరులో తిరిగొచ్చాడు. పల్లకీ, బోయీలు, వంట సరంజామా, పెద్ద పరివారం... ఇల్లంతా వెంట కదిలింది. దారిలో ప్రతి మజిలీలో నీళ్లు దొరుకుతాయా, వంటచెరకు దొరుకుతుందా, ఏ సరుకులు ఉన్నాయి అని రాసుకుంటూ పోయాడు. పిల్లలకు ఆ ‘కాశీయాత్ర చరిత్ర’ గురించి చెప్పినప్పుడల్లా నాకు గుళ్లూ గోపురాలూ గుర్తుండేవి కావు. ఆ మజిలీల లెక్కలే గుర్తుండేవి. యాత్రలో తిండి, నీళ్లు, పడక మన చేతిలో ఉండాలనుకునేవాళ్లకు అంతకంటే మంచి గురువు లేడు. క్యాంపర్‌లో కూడా రోజంతా జరిగేది అదే వెతుకులాట.

బండి ఏడు మీటర్ల పొడవు ఉంటుంది. మంచం, సింకు, రెండు పొయ్యిలు, చిన్న ఫ్రిజ్, డీజిల్ హీటరు, బీరువా అంత బాత్‌రూమ్. మంచినీళ్లకు ఒక ట్యాంకు, సింకులోంచి వచ్చే మురికినీళ్లకు ఇంకొకటి. టాయిలెట్ కింద ప్లాస్టిక్ డబ్బా ఒకటుంది, దాన్ని క్యాసెట్ అంటారు. నిండగానే ఊరి చివర డంప్ స్టేషన్‌కు తీసుకెళ్లి ఖాళీ చేసి కడగాలి. ఈ పని ఎవరిదనే చర్చ మొదటి సాయంత్రమే వచ్చింది. “వాటర్ సప్లై, డ్రైనేజీ మీ డిపార్ట్‌మెంటే కదండీ” అన్నాను. ఆయనకు కాదనడానికి సాకు దొరకలేదు. సర్వీసులో పనుల కొలతలు రాసే ఎం-బుక్కులు ఎన్ని రాశారో గానీ, ఇంటి మురుగు మోయడం ఆయనకు అరవై దాటాకే వచ్చింది.

ఈ క్యాసెట్‌కు చట్టమే ఉంది. ఎక్కడ పడితే అక్కడ బండి ఆపి రాత్రి పడుకోవడాన్ని అక్కడ ఫ్రీడమ్ క్యాంపింగ్ అంటారు. 2011లో దీనికి చట్టం తెచ్చారు. ఊరి జనం గగ్గోలు పెట్టడంతో 2023లో ఇంకా బిగించి, బండిలో కదలకుండా బిగించిన టాయిలెట్ ఉండాల్సిందే అన్నారు. సర్టిఫికెట్ లేని బండికి జరిమానా బాగానే పడుతుంది. మేం ఎక్కువగా కన్జర్వేషన్ శాఖ క్యాంపుల్లో ఆగాం. చాలాచోట్ల కౌంటరూ ఉండదు, మనిషీ ఉండడు. కవరు మీద బండి నంబరు రాసి, డబ్బులు లోపల పెట్టి, ఇనుప డబ్బాలో వేసి వెళ్లిపోవడమే. ఆడిట్ ఎలా చేస్తారో అని ఆయన చాలాసేపు ఆలోచించారు.

రైల్లో పక్కపక్కనే కూర్చుంటాం, విమానంలోనూ కూర్చుంటాం, కానీ అక్కడ చేసే పనేమీ ఉండదు. ఇక్కడ ఇద్దరికీ పనుంది. ఒంటిదారి వంతెనలు అడుగడుగునా వస్తాయి. మన వైపు ఎర్రబాణం ఉంటే ఆగి ఎదుటి బండికి దారివ్వాలి, ఆ బోర్డు చదివి చెప్పడం నా డ్యూటీ. పెద్ద రోడ్ల మీద వేగం వందే అయినా బరువు బండికి తొంభై దాటకూడదు. ఈయన డెబ్బై దాటరు. వెనక కార్లు పోగైనప్పుడల్లా ఎడమకు తీసి దారి వదలాలి. ఒక్కరు కూడా హారన్ కొట్టలేదు. అది మావారిని ఎంత ఇబ్బంది పెట్టిందంటే, హారన్ కొట్టనివాళ్లకు మరీ తొందరగా దారిచ్చేవారు.

తిండి సంగతి కూడా చెప్పాలి. ఆ దేశంలోకి తేనె అసలు రానివ్వరు. పచ్చళ్లు, పొడులు ఏవున్నా ఫారంలో రాసి చూపించాలి. దాస్తే అక్కడికక్కడే 400 డాలర్లు కట్టాలి. అందుకని క్రైస్ట్‌చర్చ్‌లో ఇండియన్ కొట్లో బొరుగులు, చింతపండు, ఎండుమిర్చి కొన్నాం. గ్యాస్ తక్కువ కాలాలి, గిన్నెలు తక్కువ కడగాలి అంటే కర్నూలు వాళ్లకు ఉగ్గాని కంటే ఏముంది? బొరుగులు నీళ్లలో వేసి పిండితే సగం పని అయిపోయినట్టే. మిగతా సగం, అంటే తాలింపు, బండి లోపల పెట్టకూడదని తొందరగానే తెలిసింది. మిరపకాయ మాడీ మాడకముందే పొగ అలారం క్యాంపంతా లేపింది. ఆ తర్వాత నుంచి హాలిడే పార్కుల్లో అందరూ వాడుకునే వంటగదికి వెళ్లి పోపు పెట్టేదాన్ని. అక్కడే ఒక ముసలాయన పరిచయమయ్యాడు. గొర్రెల ఉన్ని కత్తిరించే పని చేసి రిటైరయ్యాడట. భార్యతో ఏడాదిలో సగం బండిలోనే ఉంటాడు. ఇలాంటివాళ్లు ఆ దేశంలో బోలెడు మంది. వాళ్ల మోటార్ కేరవాన్ సంఘంలో లక్షకు పైగా సభ్యులున్నారు. ఆయన మా ఉగ్గాని తిని, ఇంకొంచెం పెట్టించుకుని, మాకు ఒక ఉచిత సలహా ఇచ్చాడు: ఒమారూలో పొద్దుగూకాక బండి కదిపే ముందు కిందికి వంగి చూసుకోండి, పెంగ్విన్లు ఉంటాయి.

వాననీడ

ఏప్రిల్ నెల. మన దగ్గర మామిడికాయ సీజను, అక్కడ ఆకులు రాలే కాలం. జెరాల్డిన్, ఫెయిర్లీ ఊళ్ల దాకా పచ్చని మేతబీళ్లు, గొర్రెలు, కంచెలు. అందంగానే ఉన్నాయి, కేలండర్‌లో చూసినట్టే. బర్క్స్ పాస్ దాటగానే తెర తీసినట్టు అంతా మారిపోయింది. చెట్టు లేదు, గట్టు లేదు. ఎండిన గడ్డి కుదుళ్లు, గాలి, చుట్టూ ఎత్తయిన కొండలు. పడమటి నుంచి వచ్చే మేఘాలన్నిటినీ సదరన్ ఆల్ప్స్ పర్వతాలే ఆపేసుకుంటాయి. ఇవతల మెకెంజీ మైదానానికి మిగిలేది వాననీడే. అనంతపురానికి పడమటి కనుమలు చేసిన అన్యాయమే, అని మావారు వివరించారు. తేడా ఒక్కటే. వీళ్ల వానంతా కొండమీద మంచుగా నిల్వ ఉంటుంది, కరిగి ఇటే దిగుతుంది. ఆ నీటి మీదే ఈ డ్యాములన్నీ.

టెకాపోలో 1935 నాటి చిన్న రాతి చర్చి ఉంది. అద్దంలోంచి సరస్సు కనిపించే ఆ చర్చి ఫొటో మీరూ చూసే ఉంటారు. నేను చెప్పాలనుకున్నది రాత్రి సంగతి. 2012 నుంచి ఆ ప్రాంతమంతా అంతర్జాతీయ చీకటి ఆకాశ రక్షిత ప్రాంతం. వీధి దీపాలు కూడా నేలచూపే చూస్తాయి. అక్కడ చందమామ మనకు తెలిసినవాడే గానీ తలకిందులుగా ఉంటాడు. మన కుందేలు కాళ్లు పైకెత్తి పడుకుని కనిపించింది. నడినెత్తికి కాస్త పడమరగా ఒక పెద్ద నక్షత్రం వెలుగుతోంది. ఫోన్‌లో పెట్టి చూస్తే కెనోపస్. మన అగస్త్యుడు. మా ఊళ్లో దక్షిణ దిక్కున కిందగా కాసేపు కనిపించి వెళ్లిపోతాడు. టెకాపో ఆకాశంలో ఆయన ఏడాది పొడుగునా అస్తమించడు. వింధ్య దాటి వెళ్లినవాడు తిరిగి రాలేదంటారు కదా, అడ్రసు దొరికింది అన్నాను. మావారు హీటర్ ఆన్ చేయమన్నారు.

మౌంట్ కుక్ గురించి పుస్తకాలు పుస్తకాలే ఉన్నాయి, ఇక్కడ రెండు మాటలు చాలు. మావోరీలు దాన్ని అవొరాకి అంటారు. అది వాళ్లకు పూర్వీకుడు. ఆకాశం నుంచి దిగిన అన్నదమ్ముల పడవ బోల్తాపడి రాయి అయిపోతే అదే దక్షిణ దీవి అయిందని, పడవ మీదకెక్కిన పెద్దవాడు ఈ శిఖరం అయ్యాడని వాళ్ల కథ. 1998 చట్టంతో మావోరీ పేరు ముందు వేసి ‘అవొరాకి / మౌంట్ కుక్’ అని రాస్తున్నారు. ఎత్తు 3,724 మీటర్లు. 1991 డిసెంబరులో కొసన ఒక పెద్ద చరియ విరిగిపడి పొట్టిదయింది. దాని పక్కనే టాస్మన్ హిమానీనదం కరిగి ఏర్పడిన సరస్సుంది. మా పెళ్లినాటి మ్యాపుల్లో వెతికితే అది దొరకదు, దొరికినా చిన్న మడుగే.

ట్విజెల్‌లో క్వార్టర్లు

ట్విజెల్ ఊళ్లో చూడటానికి ఏమీ లేదని అమ్మాయి చెప్పింది. సరుకులు, డీజిల్ తీసుకుని వెళ్లిపోండి అంది. మేం రెండు రాత్రులు ఉండిపోయాం.

ఎగువ వైటాకి జలవిద్యుత్ పథకానికి కూలీల కోసం, ఇంజినీర్ల కోసం 1968లో కట్టడం మొదలుపెట్టిన ఊరిది. పని అవ్వగానే పీకేయాలన్నది ఒప్పందం. ఇళ్లలో కొన్నిటిని అంతకుముందు బెన్‌మోర్ డ్యాము కాలనీ ఒటెమటాటా నుంచి లారీల మీద తెచ్చి దించారు. చెక్క ఇళ్లు కదా, మొత్తంగా లేపి తీసుకొస్తారు. పథకం ముగింపుకొచ్చాక 1983లో ఊరివాళ్లు మేం కదలం, మా ఊరిని మాకు వదిలేయండి అని పోరాడి నిలబెట్టుకున్నారు. ఇప్పుడది పెన్షనర్ల ఊరు, సెలవుల ఊరు. పథకం కాలువల్లో సాల్మన్ చేపలు పెంచుతున్నారు.

వీధుల్లో నడుస్తుంటే నాకు తెలియని ఊరనిపించలేదు. ఒకే కొలతల ఇళ్లు, ఒకే దూరం, నడుమ పిల్లలు స్కూలుకు పోవడానికి కాలిబాట. సున్నిపెంటలో కూడా ఇంటిని చూసి ఉద్యోగం చెప్పేయొచ్చు. ఏ క్వార్టరు ఏ ర్యాంకుకు అన్నది అక్కడ పసిపిల్లలకూ తెలుసు. మా సంసారమంతా క్వార్టర్ల నుంచి క్వార్టర్లకు లారీలోనే సాగింది. బీరువా, గ్యాస్ బండ, తులసికోట, మూటగట్టిన పుస్తకాలు. ప్రాజెక్టు అయిపోయాక కాలనీ ఏమవుతుంది అని అప్పట్లో మాలో ఎవరూ అడగలేదు. ఇంకో ప్రాజెక్టుకు బదిలీ, అంతే అనుకున్నాం. ఇక్కడివాళ్లు అడిగారు, సంతకాలు సేకరించారు, మీటింగులు పెట్టారు. పోరాడితే కాలనీ ఊరవుతుందని అరవై దాటాక, అదీ పరాయి దేశంలో తెలుసుకున్నాను.

లిండిస్ పాస్ దారి బాగుంది. ఊరికే చూస్తూ పోయాం.

రెండు నదులు కలిసే చోట

క్లూథా నది పచ్చని నీలంగా, కవరావ్ నది బురదగా వచ్చి క్రోమ్‌వెల్ దగ్గర కలుస్తాయి. రెండు రంగులూ కలిసీ కలవకుండా పక్కపక్కనే కొంత దూరం పారేవట. బంగారం వేటలో 1860ల్లో అక్కడ ఊరు పుట్టింది. తర్వాత లోయంతా ఆప్రికాట్ తోటలు. దిగువన క్లైడ్ దగ్గర డ్యాము కడతామన్నప్పుడు తోటలవాళ్లు కోర్టుకెళ్లారు. తీర్పు అడ్డం రావడంతో ప్రభుత్వం 1982లో ఆ డ్యాము కోసమే ప్రత్యేక చట్టం చేసి పని కొనసాగించింది. 1992 నుంచి నీళ్లు నింపారు. పాత బజారు వీధి మునిగింది. కొన్ని కట్టడాలను మాత్రం విప్పి, కాస్త పైన ఒడ్డున మళ్లీ నిలబెట్టారు. ఇప్పుడవి కాఫీ కొట్లు, చిత్రాల దుకాణాలు. ఆదివారం సంత జరుగుతుంది.

డ్యాము ఇంజినీరింగు గురించి మావారు ఒక పూట మాట్లాడారు. పునాది కింద భూమిలో పగులు బయటపడితే, నేల కదిలినా కట్ట చీలకుండా మధ్యలో జారే కీలు పెట్టారట. కొండచరియలు జారకుండా లోపల సొరంగాలు తవ్వి ఊటనీటిని బయటికి తోడారట. అన్నీ విన్నాను. తర్వాత పాత బజారు దగ్గరికి నడుచుకుంటూ వెళ్లాం. వీధి నేరుగా నీళ్లలోకి దిగిపోతుంది. అక్కడ ఆయన మాటలు ఆగిపోయాయి.

1981లో ఆయన కొత్తగా చేరిన జేఈ. శ్రీశైలం ముంపు ఊళ్లలో ఇళ్లు కొలిచి నష్టపరిహారానికి లెక్కలు రాసే పని వేశారు. గోడ ఎంత, మిద్దె ఎంత, వాకిలి చెక్క ఏది, బావి ఎన్ని గజాలు. నిండు నీటిమట్టానికి గుర్తుగా పాతిన ఎఫ్‌ఆర్‌ఎల్ రాయికి ఇటున్న ఇంటికి పరిహారం ఉంటుంది, అటున్న ఇంటికి ఉండదు. పోలీసులను పెట్టి ఊళ్లు ఖాళీ చేయించిన ఏడు అది. ఈ సంగతులు నాకు పెళ్లినాటి నుంచీ పైపైన తెలుసు. తెలియనిది అప్పుడే చెప్పారు. ఒక ముసలమ్మ ఆయన వెంట ఇల్లంతా తిరిగి, చివరికి, “నాయనా, ఆ చింతచెట్టు గూడ రాసుకున్నావా?” అని అడిగిందట. రాసుకున్నానమ్మా అన్నారట. “ఎంత రాసినావు?” అందట. చెప్తే నవ్విందట. ఆ నవ్వు సంగతి అంతకంటే వివరంగా ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

అదే శ్రీశైలం ముంపులో పడిన, కృష్ణ, తుంగభద్ర కలిసే కూడవెల్లిలో సంగమేశ్వరాలయాన్ని కూడా రాయి రాయికి నంబరు వేసి విప్పి అలంపురానికి తరలించారు. ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉంది, వెళ్లి చూడొచ్చు. దేవుడికి పునరావాసం బాగా జరిగింది. క్రోమ్‌వెల్‌లో దుకాణాలకు బాగా జరిగింది. రెండు దేశాల ఇంజినీర్లకూ రాళ్లను కదిలించడం వచ్చు.

కరోలో పెన్షను

తిరుగు దారిలో బెన్‌మోర్ కట్ట మీదుగానే రోడ్డు. 1965 నాటి మట్టికట్ట, దాని వెనక ఆ దేశంలో మనిషి నింపిన సరస్సులన్నిటిలోకీ పెద్దది. ఇక్కడ పుట్టిన కరెంటు సముద్రం అడుగున కేబుల్లో ఉత్తర దీవికి పోతుంది. మావారు కట్ట మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి వచ్చారు. నేను బండిలో చారు పెట్టుకున్నాను.

దిగువన వైటాకి డ్యాము, దాని పక్కన కరో అనే చిన్న ఊరు. ఈ ఊరు ఏ టూరిస్టు పుస్తకంలోనూ పెద్దగా ఉండదు. 1928లో మొదలుపెట్టి ఆర్థికమాంద్యం కాలమంతా గడ్డపారలు, పారలు, తోపుడు బండ్లతో ఆ డ్యాము కట్టారు. మిషన్లు పెడితే పని తొందరగా అవుతుంది, కానీ ఎక్కువమందికి కూలి దొరకాలి కదా. ఆ కూలీల కుటుంబాలకు జబ్బు చేస్తే ఏమిటి దారి అని కరోలో ముగ్గురు ఆలోచించారు: డాక్టరు మెక్‌మిలన్, చర్చి పాస్టరు నార్డ్‌మేయర్, హెడ్‌మాస్టరు డేవిడ్‌సన్. జీతంలోంచి కొద్దికొద్దిగా అందరూ వేసుకుంటే అందరికీ వైద్యం అనే పద్ధతి పెట్టారు. డాక్టరు, పాస్టరు తర్వాత పార్లమెంటుకు వెళ్లారు. 1938లో దేశమంతటికీ వచ్చిన సామాజిక భద్రతా చట్టానికి ఈ ఊరి అనుభవం ఒక మూలం. ఈ రోజు అక్కడ అరవై అయిదు నిండితే ఏ ఉద్యోగం చేశావని అడగకుండా పెన్షను ఇస్తారు. మా ఉగ్గాని తిన్న ఉన్ని కత్తిరింపు ఆయనకూ అదే పెన్షను.

నేను ఆ ఊరి వీధిలో చాలాసేపు నిలబడ్డాను. హెడ్‌మాస్టరు ఉన్నాడు మరి ఆ ముగ్గురిలో. మా స్కూల్లో కాంట్రాక్టు కూలీల పిల్లలు సీజను మధ్యలో చెప్పకుండా మానేసేవాళ్లు. పని అయిపోయింది, ముఠా వెళ్లిపోయింది అని అటెండెన్సు రిజిస్టరులో గీత కొట్టేదాన్ని. అంతకంటే ఏం చేయొచ్చో నాకు తట్టలేదు, ఎవరూ చెప్పనూ లేదు.

ఒమారూ తెల్లరాతి భవనాల ఊరు. సున్నపురాయి అంత మెత్తగా ఉండటం వల్ల రంపంతో కోసి కట్టారు. చీకటి పడ్డాక సముద్రంలోంచి నీలి పెంగ్విన్లు గుంపులుగా ఒడ్డుకు ఎక్కుతాయి. అన్ని పెంగ్విన్లలోకీ చిన్నవి, కిలో బరువుంటాయేమో. బండి కింద వంగి చూశాం. ఏమీ లేదు. అయినా ఇంకోసారి చూశాం.

బండి అప్పగించేటప్పుడు కిలోమీటర్ల లెక్క వచ్చింది. ఆ దేశంలో డీజిల్ బండ్లకు రోడ్డు పన్ను డీజిల్ ధరలో ఉండదు, నడిచిన దూరాన్ని బట్టి విడిగా కట్టాలి. మావారు తన పాకెట్ డైరీ తీసి, రోజువారీ మీటరు రీడింగులు కౌంటరులో అమ్మాయి ముందు పెట్టారు. రెండు లెక్కలూ సరిపోయాయి. ఆ అమ్మాయి, “మీరు అకౌంటెంటా?” అంది. ఆయనకు కోపం వచ్చింది.

ఇంటికి వెళ్లే దారిలో కూతుర్ని అడుగుతున్నారు, ఉత్తర దీవిలో వైకాటో నది మీద ఎన్ని డ్యాములున్నాయని. అది ఫోన్‌లో చూసి ఎనిమిది అంది. నేను వెనక సీట్లోంచి, ఈసారి ఎక్కడికైనా వస్తాను గానీ క్యాసెట్ డ్యూటీ మాత్రం మారదని చెప్పాను.